భార్య వాడుకోని టాక్స్ అలవెన్సు భర్తకి ఇచ్చుకోవచ్చా?

పోయిన నెల ఇదే పేజీలో యూకే స్టేట్ పెన్షన్ గురించి రాస్తూ మ్యారేజ్ అలవెన్స్ (అక్కడ ఆలుమగల్లో ఒకరు వాడుకోని పన్ను మినహాయింపులో కొంత రెండోవాళ్ళకి ఇచ్చుకునే పద్ధతి) అనే మాట ఒక్కసారి వాడానంతే, ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం రిటైరైన ఆలుమగలకే ఇచ్చేశా. పీఎఫ్ ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు, ముప్ఫై ఏళ్ళ నుంచి లెస్టర్‌లో ఉంటున్నాం. నాకు 68, మా ఆవిడకి 67. నాకు ఫుల్ స్టేట్ పెన్షన్ వస్తుంది, దానికి తోడు కౌన్సిల్ పెన్షన్ ఏడాదికి 9,000 పౌండ్లు. మా ఆవిడ పిల్లలు పెద్దయ్యాక కొన్నేళ్ళు సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైం చేసింది, తనకి వారానికి 130 పౌండ్లే. మ్యారేజ్ అలవెన్స్ పెట్టుకోమని పక్కింటాయన అంటున్నాడు, అది ఉద్యోగస్తులకే కదండీ? ఇంకోటి, ఈ ఏడాది నా కౌన్సిల్ పెన్షన్‌కి టాక్స్ కోడ్ 2ఎల్ అని వచ్చింది, ఉద్యోగంలో ఉన్నప్పుడు 1257ఎల్ ఉండేది, ఎవరో తప్పు కొట్టారేమో అని భయంగా ఉంది. విజయవాడలో మా ఆవిడ పేరు మీద ఫ్లాట్ ఉంది, నెలకి 18,000 అద్దె, అది ఇక్కడ లెక్కలోకి వస్తుందా?

జవాబు: మీ పక్కింటాయన మాట వినండి. పెన్షన్ తీసుకుంటున్నా ఇది వస్తుంది, నిజానికి మీలాంటి జంటలకే బాగా పనికొస్తుంది, కానీ రిటైరైన చాలామంది మాకెక్కడిదిలే అని వదిలేస్తుంటారు.

సంగతేంటంటే అక్కడ ఒక్కొక్కరికి ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు, దాన్నే పర్సనల్ అలవెన్స్ అంటారు, 2021 నుంచి ఆ అంకె కదల్లేదు, 2031 దాకా కదలదని కూడా చెప్పేశారు. భార్యాభర్తల్లో ఒకరి ఆదాయం దానికన్నా తక్కువుండి, రెండోవాళ్ళు 20 శాతం బేసిక్ రేటులోనే ఉంటే, తక్కువున్నవాళ్ళు తమ అలవెన్సులోంచి 1,260 పౌండ్లు రెండోవాళ్ళకి ఇచ్చుకోవచ్చు. దాంట్లో 20 శాతం, అంటే ఏడాదికి 252 పౌండ్లు పన్ను తగ్గుతుంది. 2015 ఏప్రిల్ నుంచి ఉన్న పద్ధతే ఇది. 500 ఇస్తా, 800 ఇస్తా అంటే కుదరదు, ఇస్తే మొత్తం 1,260 ఇవ్వాలి.

ఇప్పుడు మీ లెక్క. ఈ ఏడాది, అంటే 2026-27లో ఫుల్ స్టేట్ పెన్షన్ వారానికి 241 పౌండ్ల 30 పెన్నీలు, ఏడాదికి దాదాపు 12,548. మీ పర్సనల్ అలవెన్స్ 12,570లో అదే తినేసింది, మిగిలింది 22 పౌండ్లు. స్టేట్ పెన్షన్ ఇచ్చేటప్పుడు పన్ను పట్టరు కాబట్టి ఆ వాటా కూడా మీ కౌన్సిల్ పెన్షన్ కోడ్‌లోనే సర్దుతారు, ఆ 22లో చివరి అంకె తీసేస్తే 2, పక్కన ఎల్, అదే మీ 2ఎల్. ఎవరూ తప్పు కొట్టలేదు. మ్యారేజ్ అలవెన్స్ వచ్చాక అదే కోడ్ 128ఎం దగ్గరికి మారుతుంది, చివర ఎం కనిపిస్తే పని జరిగినట్టే. ఇప్పుడు ఏడాదికి 1,800 పౌండ్లకి కాస్త తక్కువగా పన్ను కడుతున్నారు, అది 1,545 చుట్టుపక్కలకి దిగుతుంది.

మీ ఆవిడకి స్టేట్ పెన్షన్ 6,760. విజయవాడ అద్దె ఖచ్చితంగా లెక్కలోకి వస్తుందండీ. యూకేలో రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చెప్పాలి, ఇదివరకు డబ్బు ఇండియాలోనే ఉంచేసి నాన్-డామ్ (అసలు ఇల్లు వేరే దేశమే) అన్న పేరుతో నడిపించేవాళ్ళు, 2025 ఏప్రిల్ 6 నుంచి ఆ దారి తీసేశారు, కొత్తగా దేశంలోకి వచ్చినవాళ్ళకి నాలుగేళ్ళ వెసులుబాటు తప్ప. మీ అద్దె ఏడాదికి 2,16,000, పౌండు 120 రూపాయలు వేసుకుంటే 1,800 పౌండ్లు. అందులో 1,000 ప్రాపర్టీ అలవెన్స్ కింద తీసేసుకోవచ్చు, ఖర్చులు విడిగా చూపించనంటే. ఎటు చూసినా ఆవిడ మొత్తం 9,000 దాటదు, 1,260 ఇచ్చేశాక కూడా ఆవిడకి 11,310 మిగులుతుంది కదా, ఒక్క పౌండు కూడా పన్ను పడదు. పడదని చెప్పకుండా ఊరుకోకండి, విదేశీ అద్దె సాధారణంగా సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే మనమే వేసే పన్ను రిటర్న్‌లో చూపించాలి. అన్నట్టు ఇటువైపు, ఎన్నారైకి అద్దె కట్టేవాళ్ళు టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకునే పన్ను) పట్టి కట్టాలి, మీ విజయవాడ టెనెంట్‌కి ఆ సంగతి తెలుసో లేదో కనుక్కోండి.

అప్లై చేయాల్సింది మీరు కాదు, మీ ఆవిడ. అందరూ తప్పేది ఇక్కడే, పన్ను కట్టేది ఆయన కాబట్టి ఆయనే పెడతాడు, అప్లికేషన్ తిరిగొస్తుంది. ఇచ్చేవాళ్ళు అడగాలి, పుచ్చుకునేవాళ్ళు కాదు. గవ్ డాట్ యూకేలో ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లు, ఆవిడ పాస్‌పోర్టు లాంటి గుర్తింపు పెట్టుకుని కూర్చుంటే అయిపోతుంది, ఫీజు లేదు, ఆన్‌లైన్ రాకపోతే పోస్టులో పంపే ఫారం ఉంది. సెల్ఫ్ అసెస్‌మెంట్ వేసేవాళ్ళు ఆ రిటర్న్‌లోనే అడగొచ్చు. అప్పుడే వెనక్కి నాలుగేళ్ళకి కూడా అడగండి, మీరు ఉద్యోగంలో ఉన్న ఏళ్ళలోనూ బేసిక్ రేటు దాటకపోయి ఉంటే ఆ ఏళ్ళకీ వస్తుంది. ఈ ఏడాదితో కలిపి ఐదు 252లు, మొత్తం 1,260 పౌండ్లు. ట్రాన్స్‌ఫర్ చేసేదీ 1,260, చేతికొచ్చేదీ 1,260, యాదృచ్ఛికమే గానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంది. 2022-23 సంవత్సరానికి 2027 ఏప్రిల్ 5 ఆఖరు, నాన్చితే ఒక 252 పోతుంది.

మేమే చేసిపెడతాం అని ఫోన్లో ప్రకటనలు వస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి. ఒక పాఠకురాలు ఇలాగే ఏదో కంపెనీకి ఫారం నింపి ఇచ్చిందట, వచ్చినదాంట్లో దాదాపు సగం వాళ్ళే మింగారని రాసింది. పావుగంట పనికి సగం వాటా ఏంటండీ.

ఇక్కడే ఒక మెలిక ఉంది, ఇది లెస్టర్ వాళ్ళ కోసం కాదు, ఇద్దరికీ ఫుల్ స్టేట్ పెన్షన్ వచ్చే జంటల కోసం చెప్తున్నా. భార్య ఆదాయం 12,548 అనుకోండి, 1,260 ఇచ్చేస్తే ఆవిడ అలవెన్స్ 11,310కి పడిపోతుంది, పైన ఉన్న 1,238 మీద ఆవిడ 248 దాకా కట్టాలి, ఆయనకి 252 తగ్గుతుంది, ఇంటికి మిగిలేది నాలుగు పౌండ్లు. పోయిన ఏడాది, అంటే 2025-26లో స్టేట్ పెన్షన్ వారానికి 230 పౌండ్ల 25 పెన్నీలు కాబట్టి ఇదే జంటకి 119 పౌండ్లు మిగిలాయి. పెన్షన్ ఏటా పెరుగుతోంది, అలవెన్స్ కదలట్లేదు, ఏటా పెన్షన్ పెంచే ట్రిపుల్ లాక్ పద్ధతి ఇలాగే ఉంటే వచ్చే ఏప్రిల్‌కి ఫుల్ స్టేట్ పెన్షన్ ఒక్కటే 12,570 దాటుతుంది, అప్పుడు ఇలాంటి జంటకి ఇందులో మిగిలేదేం లేదు. పైగా ఒకసారి పెట్టుకుంటే ఏటా దానంతటదే రెన్యూ అవుతుంది, ఆపమని మనమే చెప్పాలి, ఆదాయం పెరిగిందని ఆపితే అది ఆ ఏప్రిల్ 5 దాకా నడిచి ఆ తర్వాతే ఆగుతుంది. కాబట్టి ప్రతి మార్చిలో ఒక చిత్తు కాగితం మీద ఇద్దరి పెన్షన్లూ రాసుకుని చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 92, అమ్మకి 86, ఇద్దరూ మాతోనే హారోలో ఉంటారు. వాళ్ళకి కూడా ఇదే 252 వస్తుందా?

జవాబు: వాళ్ళకి ఇంకా పెద్దదే ఉందమ్మా. దంపతుల్లో ఒక్కరైనా 1935 ఏప్రిల్ 6 కంటే ముందు పుట్టి ఉంటే మ్యారీడ్ కపుల్స్ అలవెన్స్ అని వేరే ఉంది, పేరు దగ్గరగా ఉండి అందరూ కలగాపులగం చేస్తారు. 2025-26లో దాని వల్ల పన్ను తగ్గేది కనీసం 436, గరిష్ఠంగా 1,127 పౌండ్లు. రెండూ కలిపి ఇవ్వరు, ఒక్కటే. నాన్నగారికి అంత పన్నే లేకపోతే మిగిలింది అమ్మకి మార్చుకోవచ్చు. చూపు బాగా తగ్గి సర్టిఫికెట్ ఉంటే బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్ కూడా ఉంది, 2025-26కి 3,130 పౌండ్లు, వాడుకోగా మిగిలింది భార్యకో భర్తకో ఇచ్చుకోవచ్చు. అసలు ఇద్దరిలో ఎవరికైనా పన్ను పడుతోందో లేదో ముందు చూడండి, పన్నే లేకపోతే ఇవేవీ డబ్బై చేతికి రావు.

ప్రశ్న: గుంటూరులో మెడిసిన్ చదివి ఎన్‌హెచ్‌ఎస్‌లో చేసి బర్మింగ్‌హామ్‌లో రిటైరయ్యాను. పెన్షన్లన్నీ కలిపి 58,000 పౌండ్లు. నా పేరు మీదే 2 లక్షల పౌండ్ల సేవింగ్స్ ఉంది, వడ్డీ 8,000 దాకా వస్తోంది. మా శ్రీమతికి ఏ ఆదాయమూ లేదు. మ్యారేజ్ అలవెన్స్‌కి అప్లై చేస్తే రిజెక్ట్ చేశారు, ఎందుకని?

జవాబు: డాక్టరు గారూ, పుచ్చుకునేవాళ్ళ ఆదాయం 50,270 దాటితే హయ్యర్ రేటు, దాటినవాళ్ళకి ఇవ్వరు. స్కాట్లాండ్‌లో అయితే ఆ గీత ఇంకా కిందే, 43,662. ఏదో కొద్దిగా దాటినవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ కింద విరాళాలిచ్చి ఉంటే ఆ మేరకు బేసిక్ రేటు పట్టీ పొడుగవుతుంది, మీరు చాలా పైన ఉన్నారు కాబట్టి ఆ ఆశ వద్దు.

కానీ మీరు 252 కోసం చూస్తూ 3,000 వదిలేస్తున్నారు. హయ్యర్ రేటు వాళ్ళకి వడ్డీలో 500 దాకా మాత్రమే మినహాయింపు, మిగతా 7,500 మీద 40 శాతం, అంటే ఏడాదికి 3,000 పౌండ్లు కడుతున్నారు. ఆ డబ్బే మీ శ్రీమతి పేరు మీద ఉంటే? ఆవిడ 12,570 పర్సనల్ అలవెన్స్ ఖాళీగా ఉంది, దాని మీద సేవింగ్స్ స్టార్టింగ్ రేటు కింద ఇంకో 5,000, ఆ పైన ఇంకో 1,000, మొత్తం 18,570 దాకా వడ్డీకి పన్ను సున్నా. ఆ 5,000, 1,000 ఒకరి నుంచి ఒకరికి ట్రాన్స్‌ఫర్ కావు, కానీ డబ్బునే ట్రాన్స్‌ఫర్ చేస్తే ఎవరొద్దంటారు. యూకేలో భార్యకి డబ్బు నిజంగా ఇచ్చేస్తే దాని మీద వడ్డీ ఆవిడదే. నిజంగా అన్న మాట గట్టిగా అంటున్నా, ఆవిడ పేరు మీద వేసి కార్డు మీ జేబులో పెట్టుకుంటే అది ఇచ్చినట్టు కాదు. పూర్తిగా ఇవ్వడానికి మనసొప్పకపోతే జాయింట్ అకౌంట్ చేయండి, భార్యాభర్తల జాయింట్ వడ్డీని సగం సగం చూస్తారు, 4,000 ఆవిడకి పోయినా 1,600 మిగులుతుంది. షేర్లున్నా ఇద్దరి మధ్య మార్చుకోవడానికి అప్పటికప్పుడు క్యాపిటల్ గెయిన్స్ పడదు.

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ, జూనియర్ కాలేజీల లెక్చరర్‌గ చేసి రెండేండ్ల కింద రిటైరైన. మా బామ్మర్ది లెస్టర్ల ఉంటడు, వాళ్ళ భార్యకు ఉన్న టాక్స్ మాఫీ వాడుకోకుంటె ఆయనకు ఇచ్చుకోవచ్చంట. మా ఇంటామెకు ఏం ఆదాయం లేదు, ఆమె 4 లక్షల మాఫీ ఉత్తగనే పోతున్నది గదా, అది నేను తీసుకోవచ్చునా? నాకు పెన్షన్ నెలకు 65,000, రిటైర్మెంట్ పైసల మీద వడ్డీ ఏడాదికి 5 లక్షల 20 వేలు. ఎఫ్‌డీలు ఆమె పేరు మీదికి మారుస్తె టాక్స్ తప్పుతదా?

జవాబు: మాస్టారూ, మీ బామ్మర్ది పైన రాసిన లెస్టర్ ఆయనే అయితే ఈ పేజీ ఆయనకి కూడా పంపండి. మన దగ్గర ఆ పద్ధతి లేదు. ఇండియాలో పన్ను మనిషికే గానీ జంటకి కాదు, ఆమె 4 లక్షలు ఆమె వాడుకోకపోతే పోయినట్టే. భార్యాభర్తలు కావాలంటే కలిపి రిటర్న్ వేసుకోనివ్వండని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2025 బడ్జెట్‌కి ముందు అడిగింది, కాలేదు. దేశం మొత్తం మీద గోవా, దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూలలో మాత్రం పాత పోర్చుగీస్ సివిల్ కోడ్ వల్ల దంపతుల ఆదాయం సగం సగం పంచుతారు, అక్కడ కూడా జీతం పంచరు, పెన్షన్ జీతం పద్దు కిందే వస్తుంది కాబట్టి గోవాకి కాపురం మార్చినా మీ పెన్షన్ మీదే.

ఎఫ్‌డీల సంగతి. భార్యకి ఇచ్చే గిఫ్ట్‌కి పన్ను లేదు, అది నిజం, అక్కడి దాకా విని చాలామంది పరిగెత్తి బ్యాంకులో మార్పించేస్తారు. కానీ ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని తిరిగి మీ ఆదాయంలోనే కలుపుతారు, దీన్నే క్లబ్బింగ్ అంటారు, డాక్టరు గారికి చెప్పిన ఉపాయం ఇక్కడ నడవనిది ఇందుకే. కోడలి పేరు మీద పెట్టినా అంతే. జాయింట్ ఎఫ్‌డీలో ఆమె పేరు ముందు రాయించడం ఇంకో అపోహ, బ్యాంకు టీడీఎస్ మొదటి పేరు పాన్ మీద పడుతుంది గానీ డబ్బు ఎవరిదో ఆదాయం వాళ్ళదే.

మీ పన్ను ఎంతో చూద్దాం, 2025-26 లెక్క. పెన్షన్ 7,80,000, వడ్డీ 5,20,000, మొత్తం 13 లక్షలు. కొత్త పద్ధతిలో పెన్షన్‌కి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 12,25,000. 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్ను లేదు, మీరు 25,000 దాటారు, మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి దాటినంతే పన్ను, 25,000, సెస్సుతో 26,000. పాత పద్ధతి బాగుంటుందేమో అని అడుగుతారు, 80సీ, సీనియర్లకి వడ్డీ మీద 50,000, హెల్త్ ఇన్సూరెన్స్ 50,000 అన్నీ నిండుగా చూపించినా లక్షా పద్నాలుగు వేలు దాటుతుంది, వద్దు.

అంటే మీ గొడవంతా ఆ పైన ఉన్న 25,000 వడ్డీతోనే, 7 శాతం లెక్కన అది మూడున్నర లక్షల అసలు. ఆ మేరకు మేజరైన కొడుక్కో కూతురికో ఇచ్చేయండి, వాళ్ళ చేతిలో వచ్చే వడ్డీ మీకు కలపరు, కూతురికి ఇస్తే ఇంకా సంతోషిస్తుంది. లేదంటే మీ ఇంటావిడ పేరు మీద పీపీఎఫ్, ఏడాదికి లక్షన్నర దాకా, ఆ వడ్డీకి పన్నే లేదు కాబట్టి కలిపినా మీకు నష్టం లేదు, కాకపోతే పదిహేనేళ్ళ వ్యవహారం. క్లబ్బింగ్ అయ్యేది అసలు మీద వడ్డీయే గానీ ఆ వడ్డీని ఆమె మళ్ళీ దాచుకుంటే దాని మీద వచ్చేది ఆమెదే, ఆ లెక్కకి వేరే అకౌంట్ పెట్టండి. ఆమె పుట్టింటి వాళ్ళిచ్చిన పొలం అమ్మిన డబ్బో, స్త్రీధనమో ఉంటే అది మొదటి నుంచీ ఆమెదే, దాంతో ఆమె విడిగా సీనియర్ సిటిజన్ స్కీంలో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, మీ 30 లక్షల పరిమితి మీకు వేరే ఉంటుంది.

ప్రశ్న: హౌన్‌స్లో నుంచి రాస్తున్నాను. మా వారు జనవరిలో పోయారు. ఆయన పోస్టాఫీసులో చేశారు, నాకు చిన్న పెన్షన్. ఈ అలవెన్స్ మేమెప్పుడూ అడగలేదు. ఇక ఆ దారి మూసుకుపోయినట్టేనా?

జవాబు: లేదమ్మా. ఆయన బతికున్న ఏళ్ళకి, నాలుగేళ్ళ లోపువి, ఇప్పుడు కూడా అడగొచ్చు, కాకపోతే ఆన్‌లైన్‌లో కాకుండా అక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఇన్‌కమ్ టాక్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇక నుంచి మీ 12,570 మీకు పూర్తిగా ఉంటుంది. దీనికన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఇన్‌హెరిటెన్స్ టాక్స్‌లో ఒక్కొక్కరికి 3,25,000 పౌండ్ల దాకా పన్ను లేదు, ఆయన ఆస్తి అంతా మీకే వచ్చి ఉంటే ఆయన వాటా వాడనట్టు లెక్క, అది రేపు మీ తర్వాత మీ పిల్లలు మీ వాటాతో కలిపి అడగొచ్చు, పిల్లలకే ఇల్లు ఇస్తే 1,75,000 ఇంటి వాటా కూడా అలాగే. అందుకని ఆయన డెత్ సర్టిఫికెట్, విల్లు, పెళ్ళి కాగితం ఒక కవర్లో పెట్టి పిల్లలకి ఎక్కడుందో చెప్పి ఉంచండి.

ప్రశ్న: రెండేళ్ళలో హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నాం, ఇద్దరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులు. అక్కడికి వచ్చాక కూడా మ్యారేజ్ అలవెన్స్ ఉంటుందా?

జవాబు: బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే విదేశంలో ఉన్నా పర్సనల్ అలవెన్స్ ఉంటుంది, అది ఉంటే ఇదీ ఉంటుంది, యూకేలో మీకు పన్ను పడుతున్నంత కాలం పనికొస్తుంది. అయితే 252 గురించి ఆలోచించే ముందు ఇది చూసుకోండి, ఇండియాకి వచ్చి స్థిరపడితే యూకే స్టేట్ పెన్షన్ మీరు ఇక్కడికి వచ్చిన రోజు ఎంతుందో అంతకే ఆగిపోతుంది, ఏటా పెరిగే పెంపు ఇండియాలో ఉండేవాళ్ళకి ఇవ్వరు. అమెరికాకి వెళ్తే ఇస్తారు, ఇండియాకి లేదు. ఇద్దరి స్టేట్ పెన్షన్ మీద ఇరవై ఏళ్ళలో అది ఎంత తేడా వస్తుందో టికెట్లు కొనకముందే కూర్చుని వేసుకోండి.